నారింజ రంగు గాజు గిన్నె ఎవరిది, ఎప్పటిది?

పాత గాజు వస్తువు చేతికి రాగానే అందరూ చేసే పని ఒకటే, తిరగేసి కంపెనీ పేరు వెతకడం. పేరు కనిపిస్తే ఒరిజినల్, కనిపించకపోతే డూప్లికేట్ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. "అక్కా, కింద ఏమీ రాసి లేదు, వదిలేయమంటావా?" అని షాపులో నిలబడి ఫోన్ చేసేవాళ్లు నాకు బోలెడు మంది. కార్నివాల్ గ్లాస్ దగ్గర ఈ లెక్క దాదాపు తలకిందులు. అమెరికాలోని ఫెంటన్ కంపెనీ వందేళ్ల కిందట చేసిన గిన్నె మీద పేరు ఉండదు. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఫెంటన్ అని అచ్చు పడి ఉందంటే అది 1970లోనో ఆ తర్వాతో చేసింది. అంటే ఏమీ రాసి లేనిదే పాతది అయ్యే అవకాశం ఎక్కువ, ఫెంటన్ పేరున్నది కచ్చితంగా కొత్తది.

ఈ గాజు ఎప్పుడూ చూడని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు తేలతాయి చూడండి, ఆ మెరుపు ఉన్న గిన్నెలు, ప్లేట్లు, పూల కూజాలు. కరిగిన గాజుని ఇనుప అచ్చులో పోసి నొక్కి, తీసి, ఇంకా వేడిగా ఉండగానే ఇనుము, తగరం లాంటి లోహాల లవణాల ద్రావణం దాని మీద స్ప్రే చేస్తారు, ఆ పొర గాజుకి అతుక్కుపోతుంది. అమెరికాలో ఖరీదైన గాజుకి పేరుపడ్డ టిఫనీ వాళ్లు చేత్తో చేసి పెద్ద ధరకి అమ్మిన మెరుపు గాజుని చూసి, మామూలు ఇళ్లకి అందే ధరలో అచ్చు పోసి తీసింది ఇది. ఫెంటన్ 1907 చివర్లో మొదలుపెట్టింది. కార్నివాల్ అన్న పేరు మాత్రం అప్పటిది కాదు, జాతరల్లో బహుమతులుగా ఇచ్చేవారని చెప్పుకుని ఎన్నో ఏళ్ల తర్వాత సేకరించేవాళ్లు పెట్టుకున్నది. అందుకే పెట్టె మీదో స్టిక్కర్ మీదో కార్నివాల్ అని ఉండి, అమ్మేవాడు 1910 నాటిదంటే నవ్వి పక్కకి తప్పుకోవచ్చు.

నేను ఉండేది ఒహాయోలో. ఈ గాజు పుట్టిల్లు కూడా ఇదే ప్రాంతం. ఫెంటన్ అన్నదమ్ములు 1905లో మార్టిన్స్ ఫెర్రీలో మొదలుపెట్టి, 1907కల్లా వెస్ట్ వర్జీనియాలోని విలియమ్స్‌టౌన్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ఇంపీరియల్ కంపెనీది బెల్లేర్, నార్త్‌వుడ్‌ది వీలింగ్. అన్నీ ఒహాయో నది ఒడ్డు ఊళ్లే, బొగ్గు, సహజవాయువు దగ్గర్లో దొరుకుతాయి కాబట్టి కొలుములన్నీ ఇక్కడే చేరాయి. ఈ ఊళ్లలోని ఇళ్లల్లో పెద్దవాళ్లు పోయాక పెట్టే ఎస్టేట్ సేల్స్‌లో వాళ్ల అద్దాల బీరువా తెరిస్తే ఒకటైనా కనిపిస్తుంది.

సరే, కనిపించింది, చేతిలోకి తీసుకున్నారు. నేనైతే ముందు కిటికీ దగ్గరికి పట్టుకెళ్తాను. ఆ స్ప్రే ఎక్కువగా పైభాగానికే పడుతుంది, అడుగున కుదురులా ఉండే రింగు దగ్గర పొర ఉండదు, ఉన్నా పల్చగా ఉంటుంది. అక్కడ వెలుతురు పోనిచ్చి చూస్తే గాజు అసలు రంగు తెలుస్తుంది. నారింజగా మెరిసేదాని అడుగు రంగు లేకుండా, నీళ్లలా కనిపిస్తే అది మేరీగోల్డ్, అన్నిటికంటే ఎక్కువ దొరికే రకం. నల్లగా కనిపించేది వెలుతురులో వంకాయ రంగుకి తిరిగితే ఆమెథిస్ట్. ఎరుపు మాత్రం అరుదు, ఎక్కువగా ఫెంటన్ వాళ్లు 1920ల్లో చేసింది, వేడి సరిగ్గా కుదరక దాని అంచుల్లోనో అడుగునో పసుపు రంగు మిగిలిపోవడం మామూలే. పైమెరుపు చూసి రంగు పేరు చెప్పేవాళ్ల మాట నమ్మకండి, ధర చాలావరకు ఆ అడుగు రంగు మీదే ఆధారపడి ఉంటుంది.

తర్వాత అరుగుదల. వందేళ్లు బల్ల మీద, అల్మరాలో జరిగిన గిన్నె అడుగున సన్నటి గీతలు పడతాయి, అన్ని దిక్కులకీ, ఒకదాని మీద ఒకటి, అది కూడా బల్లకి తగిలే చోట మాత్రమే. గిన్నెని చదునైన బల్ల మీద పెట్టి ఎక్కడెక్కడ ఆనుతుందో చూసి తిప్పి చూడండి, గీతలు సరిగ్గా అక్కడే ఉండాలి. గీతలన్నీ ఒకే వైపుకి పోతున్నా, బల్లకి తగలని గుంటలో కూడా ఉన్నా అది గరుకు కాగితం పని. అసలు గీతలే లేకపోతే మాత్రం వెంటనే కొత్తదనేయకండి, కొందరు అత్తగార్లు పెళ్లికి వచ్చిన గిన్నెని బీరువాలోంచి చచ్చేదాకా బయటికి తీయరు.

ఈ రెండూ అయ్యాకే ముద్ర వైపు చూడాలి, ఇక్కడే కథ బాగుంటుంది. ఇంపీరియల్ వాళ్లు 1960ల్లో తమ పాత అచ్చుల్నే బయటికి తీసి మళ్లీ కార్నివాల్ పోయడం మొదలుపెట్టారు. అచ్చు అదే, డిజైన్ అదే, ద్రాక్ష గుత్తిలో పండు కూడా తేడా ఉండదు. అయితే నిజాయితీగా అడుగున ఐ, జి అక్షరాలు ఒకదాని మీద ఒకటి వేశారు. 1973లో లెనాక్స్ కంపెనీ కొనుక్కున్నాక ముందు ఎల్ చేరింది, 1980ల మొదట్లో యజమాని మారాక దానికి ముందు ఏ చేరింది, 1984కి కంపెనీయే మూతపడింది. కాబట్టి ఆ అక్షరాలు చదివితే గిన్నె ఏ పదేళ్లదో తేలిపోతుంది. ఫెంటన్ వాళ్లు కూడా అంతే, 1980ల్లో తమ ముద్రలో చిన్న 8 అంకె, 1990ల్లో 9 చేర్చారు. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి, కంటికి ఆనదు.

ఒక యాంటిక్ మాల్‌లో ఈ ద్రాక్ష గిన్నె ఒకటి, ఊదారంగుది, 1910 అని చీటీ కట్టి పెట్టారు. తిప్పితే పేరు లేదు. కానీ అడుగున మధ్యలో బొటనవేలి గోరంత మేర గాజు మసకగా, వేలికి గరుగ్గా తగిలింది, చుట్టూ అంతా నున్నగా ఉంది. ముద్ర ఉండాల్సిన చోటే అరగదీసి ఉంది. కొత్త వస్తువు మీది ముద్ర చెరిపేస్తే పాతదైపోతుందని తెలిసినవాడు చేసిన పని అది. అక్కడ కూర్చున్న పెద్దాయన్ని అడిగితే "అది ఇంకొకరి స్టాల్, నాకేం తెలీదు" అన్నాడు. నిజమే అయ్యుంటుంది, ఆ మాల్స్‌లో ఎవరి అల్మరా వాళ్లది.

హ్యారీ నార్త్‌వుడ్ గిన్నెల సంగతి ఇంకో రకం. ఆయన పాత రోజుల్లోనే తన వస్తువుల్లో చాలావాటికి గుండ్రటి గీత లోపల ఎన్ అక్షరం వేసి కింద గీత పెట్టాడు, అన్నిటికీ కాదు. ఆయన 1919లో పోయాడు, 1925కి ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఆ తర్వాత ఎల్ జి రైట్ అనే కంపెనీ దాదాపు అలాంటిదే ముద్ర వాడింది, ఎన్ ఎడమ కాలు కాస్త వంకర తిరిగి, చూస్తే డబ్ల్యూలా ఉంటుంది. ఆత్రంగా చూసేవాడికి ఎన్ లాగే కనిపిస్తుంది, అలా కనిపించాలనే పెట్టారేమోనని నా అనుమానం!

యూవీ టార్చి గురించి చాలామంది అడుగుతారు. ఆకుపచ్చగా భగ్గుమని వెలిగితే గాజులో యురేనియం ఉందని, సన్నగా వెలిగితే మాంగనీసు కావచ్చని చెప్తుంది, అంతే. యురేనియం గాజుని 1830ల నుంచీ చేశారు, మొన్నమొన్నటిదాకా కూడా చేశారు, కాబట్టి టార్చి చూసి ఏడాది చెప్పేవాడు బడాయి కొడుతున్నట్టే.

యూరప్ గాజుల్లోనూ సంతకాల గొడవ ఇంతే. ఫ్రాన్స్ గాజు కళాకారుడు రెనె లాలిక్ 1945లో చనిపోయాక పేరు ముందున్న ఆర్ అక్షరం తీసేశారు, కొత్తవాటికి దొంగతనంగా ఆ ఒక్క అక్షరం చెక్కి పాతవిగా అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, లోట్జ్ కంపెనీ గొప్ప మెరుపు గాజు చేసింది, వాటిలో చాలావాటి మీద సంతకం ఉండదు, ఆ ఖాళీ అడుగు దొరికిందని టిఫనీ సంతకం గీకేస్తారు. మీరు హైదరాబాద్‌లో ఉంటే సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు వస్తువులు పెట్టిన గదికి వెళ్లి, నిజమైన పాత గాజు అంచులు, మందం, రంగు తీరికగా చూడండి. జనమంతా ముసుగు రెబెక్కా దగ్గరా గడియారం దగ్గరా ఉంటారు, ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తొయ్యరు.

మనవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. కార్నివాల్ గ్లాస్ మన దేశంలోనూ తయారైంది. గాజుల ఊరు ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్లు మేరీగోల్డ్ మెరుపుతో మంచినీళ్ల గ్లాసులు, చేప ఆకారపు కూజాలు, చేతిలో పట్టుకున్నట్టు ఉండే పూల కూజాలు చేశారు. అమెరికా గ్లాసు చేతిలో బరువుగా, మందంగా ఉంటుంది, ఇది పల్చగా, తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే నొక్కింది కాదు, అచ్చులోకి ఊదింది. పైఅంచు ఊదాక కోసి సానపట్టినట్టు చదునుగా తగులుతుంది. కొన్ని డిజైన్లలో మెరిసే చోట్ల పక్కనే మసక గాజు పట్టీలు ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో జైన్ అని కొన్నిటి మీద అచ్చు పడి ఉంటుంది, ఇక్కడ మాత్రం పేరు కనిపిస్తే సంతోషించొచ్చు. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా సేకర్తలు వీటిని వెతికి వెతికి కొంటున్నారు. మీ ఊళ్లో అటక మీద ఇత్తడి బిందెల వెనక నారింజ రంగు గ్లాసులు ఉంటే పాత సామానోడికి వేసే ముందు ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. కడగాలంటే గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. డిష్‌వాషర్‌లో వేయకండి, పీచు పెట్టి రుద్దకండి, పొర మసకబారితే మళ్లీ రాదు.