లాకరు, భోషాణం, విత్తనాల మూట

శుక్రవారం

మామయ్య పోయాక బ్యాంకు లాకరు తెరవడం ఇదే మొదటిసారి. అది మామయ్య, అత్తమ్మ ఇద్దరి పేరు మీదా ఉంది. ఇద్దరిలో ఎవరైనా తెరవచ్చని మొదట్లోనే రాసిచ్చారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చి ఆయన పేరు తీయించాలి, నామినీని రాయించాలి. పొలంలో కోత మిషన్ దిగింది, మగవాళ్లెవరికీ తీరిక లేదు. నేనే స్కూలుకు సెలవు పెట్టి అత్తమ్మను బుచ్చి నుంచి బస్సులో నెల్లూరు తీసుకెళ్లాను.

ఆఫీసరు తన తాళంచెవి పెట్టి తిప్పాడు, తర్వాత మా చెవి పెట్టమన్నాడు. రెండూ పడితేనే ఆ తలుపు వస్తుంది. రాగానే ఆయన బయటికి వెళ్లిపోయాడు. లోపల ఏముందో బ్యాంకు చూడదు, అడగదు, రాసుకోదు. అత్తమ్మ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ మామయ్యతో వచ్చినప్పుడల్లా బయట కుర్చీలో కూర్చునేదట. "నాకేం తెలుసమ్మా, ఆయన తీసిచ్చేవాడు, నేను పెట్టుకునేదాన్ని" అంది. ఆ బంగారంలో సగం ఆమె పుట్టింటిది. అది దాచిన పెట్టె లోపలి భాగాన్ని ఆమె ఈరోజే చూసింది. నాకు చాలా బాధేసింది. మా వైపు ఎన్ని ఇళ్లలో ఇట్లాగే ఉందో.

కాసులపేరు, వంకీ, గాజులు, వదిన (మా ఆయన అక్క) చిన్నప్పటి గొలుసు, పొలం దస్తావేజులు. వాటి కింద నోటు పుస్తకంలోంచి చించిన కాగితం, మడత పెట్టి ఉంది. మామయ్య రాత. ప్రతి వస్తువూ, అది ఎన్ని సవర్లు, ఎవరు పెట్టారు, ఏ సందర్భంలో అని వరసగా రాసిపెట్టాడు. అత్తమ్మ కళ్లద్దాలు తెచ్చుకోలేదు, నేనే చదివాను. వంకీ దగ్గరికొచ్చేసరికి "మా అమ్మ పెట్టింది అని రాసినాడా?" అని అడిగింది. రాశాడు. ఇంకోసారి చదవమంది. చదివాను. ఆ గదిలో ఉన్న వాటన్నిటికంటే ఆ కాగితమే విలువైందని నాకనిపించింది. అది లేకపోతే ఏది ఎవరిదో రేపు ఎవరు చెప్పగలరు?

మా పని అయ్యేలోపు చాలాసేపు కూర్చోబెట్టారు. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి నేలమాళిగల సంగతి అత్తమ్మే ఎత్తింది. 2011లో టీవీలో రోజూ చూసిందట. సుప్రీంకోర్టు ఆదేశంతో వాటిని తెరిచి లోపలున్నవన్నీ జాబితా రాయించారు, 'బి' గదిని మాత్రం తెరవలేదు. దేవుడి సొమ్ముకైనా చివరికి కాగితం మీద లెక్క కావాల్సి వచ్చింది.

రూల్సు నేను ముందే చదువుకుని వెళ్లాను, ఇవి అందరికీ తెలియాలి. 2022 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు నడుస్తున్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల లాకరులో వస్తువులు పోతే బ్యాంకు ఇవ్వాల్సింది ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు మాత్రమే. వరద, భూకంపం లాంటివి తమ తప్పు లేకుండా వస్తే అదీ లేదు. అద్దె 2,000 అయితే 2 లక్షలు. ఇప్పటి ధరకు మూడు సవర్లు కూడా రావు. లోపల ఎంత ఉందన్నది ఎట్లాగూ బ్యాంకుకు తెలియదు. బ్యాంకులో పెట్టేశాం, ఇక టెన్షన్ లేదు అనుకునే వాళ్లంతా ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. అద్దె వరసగా మూడేళ్లు కట్టకపోతే నోటీసిచ్చి లాకరు పగలగొట్టే హక్కు కూడా బ్యాంకుకు ఉంది.

నామినీ దగ్గర అత్తమ్మ పట్టుబట్టింది. కొడుకులకు సగం, కూతురికి సగం అని రాయమంది. డిపాజిట్లకైతే వాటాలు రాయచ్చు, లాకరుకు కుదరదు. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా పేర్లు ఇవ్వచ్చు గానీ, లాకరు విషయంలో అది వరస క్రమమే, మొదటి వాళ్లు లేకపోతేనే రెండో వాళ్లకు వస్తుంది. నామినీ అంటే సొంతదారు కాదని, వస్తువులు అందుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషేనని చెప్పాను. కాసేపు ఆలోచించి "అయితే పాపనే ముందు పెట్టు. వాళ్ల తమ్ముళ్లు యాడికీ పోరు, ఊళ్లోనే ఉంటారు" అంది. ఆ మాట నాకు నచ్చింది. మా ఆయన్ను అడిగితే ఆయనా సరే అన్నాడు. కానీ ఫోటోలు లేవు, ఫారం పూర్తి కాలేదు.

పెన్న దాటి కోవూరు మీదుగా ఇంటికి చేరేసరికి రెండయింది.

మా నడవలో ఇప్పటికీ భోషాణం ఉంది. మామయ్య వాళ్లమ్మ దాని మీదే పడుకునేదట, తాళంచెవి కొంగుకు కట్టుకుని. ఇప్పుడందులో దుప్పట్లు, పెళ్లిళ్లకు తీసే ఇత్తడి గిన్నెలు ఉన్నాయి. దాన్ని తీసేద్దామని అడపాదడపా ఎవరో ఒకరంటారు. నేను ఒప్పుకోను.

సాయంత్రం పెరట్లో పట్టల మీద విత్తనం వడ్లు ఎండబోసి ఉన్నాయి. మిషన్ కోతలో వేరే రకాలు కలుస్తాయని మా మరిది విత్తనానికి ఒక మడి వదిలి, కేళీలు (మధ్యలో మొలిచిన వేరే రకం మొక్కలు) ఏరించి, కూలీలతో చేత్తో కోయించాడు. ఒక గింజ పంటి కింద వేసుకుని కొరికి, "ఇంకొక ఎండ కావాలొదినా" అన్నాడు. తేమ 13 శాతానికి దిగితే గాని సంచిలో పోయకూడదు. తేమ ఒక శాతం తగ్గిన కొద్దీ విత్తనం బతికే కాలం రెట్టింపవుతుందని శాస్త్రవేత్తలు చెప్పే లెక్క, చల్లదనానికీ అట్లాంటి లెక్కే ఉంది. అత్తమ్మ మొలగొలుకులు అనే పాత వరి రకం గురించి మొదలుపెట్టింది. ఆ అన్నం రుచి ఇప్పటి సన్నాలకు రాదని ఆమె మాట. పంట చేతికి రావడానికి చాలా నెలలు పట్టేది కాబట్టి రైతులు వదిలేశారు. మా ఇంట్లో ఆ విత్తనం లేదు. ఎప్పుడు ఆపారో, చివరి మూట ఏమైందో ఆమెకూ గుర్తులేదు.

అప్పుడు స్వాల్బార్డ్ గురించి చెప్పాను. నార్వేకు ఉత్తరాన మంచు దీవుల్లో కొండను తొలిచి, ప్రపంచంలోని పంటల విత్తనాలు దాచే గదిని 2008లో తెరిచారు. లోపల మైనస్ 18 డిగ్రీలు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి కూడా జొన్న, కంది, సెనగ లాంటివి అక్కడికి వెళ్లాయి. గది నార్వేది, విత్తనం మాత్రం పంపినవాళ్లదే, వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ పెట్టె తెరవకూడదు. "మన లాకరు మాదిరే" అంది అత్తమ్మ. వెంటనే "మరి ఎవరన్నా తెచ్చుకున్నారా?" అని అడిగింది.

తెచ్చుకున్నారు. సిరియాలో యుద్ధం వల్ల అలెప్పో దగ్గరున్న ఇకార్డా విత్తన బ్యాంకును నడపలేని పరిస్థితి వచ్చింది. వాళ్లు 2015లో తమ పెట్టెలు వెనక్కి తీసుకున్నారు. లెబనాన్‌లో, మొరాకోలో నాటి, పండించి, కొత్త విత్తనాన్ని 2017 నుంచి మళ్లీ స్వాల్బార్డ్‌కు పంపారు. ఏ పొట్లంలో ఏ రకం ఉందో రాసి ఉండబట్టే అది సాధ్యమైంది. విత్తనాన్ని ఊరికే దాచితే చాలదు, అప్పుడప్పుడు తీసి నాటాలి, లేకపోతే ఎంత చలిలో ఉన్నా ఎప్పటికో చచ్చిపోతుంది. మా మరిది మాట్లాడకుండా విన్నాడు. తర్వాత వెళ్లి, సంచుల మీద రాయడానికి మార్కరు పెన్ను ఉందా అని అడిగాడు. ఇచ్చాను. ఇన్నాళ్లూ సంచులన్నీ చూసి గుర్తుపట్టడమే, పేరు రాసే అలవాటు మా ఇంట్లో లేదు.

భోజనాలయ్యాక మామయ్య జాబితాను కొత్త కాగితం మీద ఎక్కించాను. ఆ తర్వాత చేరిన వస్తువులు అత్తమ్మ చెబుతుంటే రాసుకున్నాను. నా పెళ్లికి పెట్టిన జుకాలు ఎన్ని సవర్లో ఇద్దరం తేల్చుకోలేకపోయాం, రేపు తూకం వేయించాలి. దస్తావేజుల నంబర్లు, లాకరు నంబరు, తాళంచెవి ఇంట్లో ఎక్కడ ఉంటుందో కూడా రాశాను. ఒంగోలులో ఉన్న వదినకు ఫోన్ చేసి నామినీ సంగతి చెప్పాం. కాగితం ఫోటో తీసి పంపమంది, పంపాను. తన చిన్నప్పటి గొలుసు ఇంకా ఉందని ఆమెకు తెలియదట. సోమవారం అత్తమ్మ ఫోటోలు, వదిన ఆధార్ కాపీ తీసుకుని మళ్లీ బ్యాంకుకు వెళ్లాలి.