లక్కపిడతలు వెతుక్కుంటూ శిల్పారామానికి

మా ఇంట్లో హైదరాబాద్ అద్దెల మాట వచ్చిందంటే మా అమ్మ అనేది ఒకటే, "లక్కపిడతంత ఇంటికి అంత అద్దేంటే" అని. పుట్టినప్పటి నుంచీ ఈ మాట వింటున్న మా మేనకోడలు, తొమ్మిదేళ్ల పిల్ల, మొన్న డిసెంబరులో "నానమ్మా, లక్కపిడత అంటే ఏంటి?" అని అడిగింది. అమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఇంతుంటుందని చూపించింది, కర్రదని చెప్పింది, రంగులుంటాయని చెప్పింది, గుజ్జెనగూళ్లు ఆడుకునేవాళ్లమని చెప్పింది. అక్కడ ఇంకో ప్రశ్న వచ్చింది, గుజ్జెనగూళ్లు అంటే ఏంటని. బుల్లి గిన్నెల్లో ఉత్తుత్తి వంట వండుకునే ఆట అని దానికేం తెలుసు. అమ్మ నవ్వి ఊరుకుంది కానీ నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. మాది అనకాపల్లి వైపు. లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక మాకు బస్సెక్కితే వచ్చే ఊరు. మా పిల్లకే లక్కపిడత తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ ఆదివారమే దాన్ని తీసుకుని మాదాపూర్ శిల్పారామానికి వెళ్లాను. ఏటా డిసెంబరు రెండో సగంలో అక్కడ అఖిల భారత హస్తకళల మేళా జరుగుతుంది. పోచంపల్లి చీరలు, చేర్యాల మాస్కులు, పెంబర్తి ఇత్తడి సామాను, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శాలువాలు, అన్నీ చూసుకుంటూ వెళ్తే పూట సరిపోదు. మేం మాత్రం ఎక్కడా ఆగకుండా ఏటికొప్పాక బొమ్మల స్టాల్ ఎక్కడుందో అడుగుతూ పోయాం. ఆఖరి వరసలో ఉంది. భార్యాభర్తలిద్దరే. ముందు బల్ల మీద బొంగరాలు, కుంకుమ భరిణెలు, గాజులు, తల ఊపే బొమ్మలు, గణపతులు, వాటి వెనకాల ఒక మూల చిన్న కవర్లలో కట్టిపెట్టిన లక్కపిడతలు. పొయ్యి, కుండ, బిందె, చెంబు, రోలూ రోకలీ, తిరగలి, అప్పడాల పీటా కర్రా. పిల్ల ఆ కవరు పట్టుకుని "అత్తా, ఇదేనా?" అని నా మొహంలోకి చూసింది. అంతే, నాకు కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు.

నా యాస పట్టేసి ఆవిడ "మీది మా వైపేనేటమ్మా?" అంది. అవునన్నాను. ఇక స్టూలు వేసింది, టీ తెప్పించింది, బేరం సంగతి పక్కనపెట్టి ఊరి కబుర్లు మొదలయ్యాయి.

స్టాల్ ముందు చిన్న మోటారుతో నడిచే లేత్ మిషన్ ఒకటి పెట్టుకున్నారు, పిల్లలకు చూపించడానికి. మా పిల్ల అడగ్గానే ఆయన అరచేతి పొడవున్న తెల్లటి కర్రముక్క బిగించి మోటారు వేశాడు. తిరుగుతున్న కర్రకి ఉలి ఆనిస్తే ముందు గరగరమని చప్పుడొచ్చింది, తర్వాత పొట్టు పల్చగా చుట్టలు చుట్టుకుంటూ ఆయన మోకాళ్ల మీద పడింది. గీత గియ్యలేదు, కొలత పెట్టలేదు, చూస్తుండగానే ఆ ముక్కలో నుంచి బొంగరం నడుము, బొంగరం కాలు బయటికొచ్చాయి. తర్వాత పసుపు రంగు లక్క కడ్డీ తీసుకుని తిరుగుతున్న బొంగరానికి గట్టిగా అదిమాడు. రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది, కుంచె అక్కర్లేదు. ముందు మచ్చలుమచ్చలుగా అంటింది. ఆయన ఎండిన మొగలి ఆకు ముక్క మడిచి దాని మీద నొక్కిపట్టగానే ఆ మచ్చలన్నీ పరుచుకుని ఒకటైపోయి, అద్దంలా మెరుపొచ్చింది. మా పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. ఆ నాలుగైదు నిమిషాల కోసం చెయ్యి ఎన్నేళ్లు తిరగాలో ఆయన పక్కన కూర్చుని చూస్తేనే అర్థమవుతుంది.

లక్క అంటే లక్కపురుగులు చెట్ల కొమ్మల మీద పెట్టే జిగురు. దాన్ని వేడిచేసి రంగు కలిపి కడ్డీలు చేస్తారు. ఆ రంగుల కోసం పసుపు, నీలి, జాఫ్రా గింజలు లాంటివి వాడతారు. మధ్యలో కొన్నేళ్లు ఊరంతా రసాయనాల రంగుల వైపు వెళ్లిపోతే, మళ్లీ చెట్ల నుంచీ గింజల నుంచీ రంగులు తియ్యడం మీద పట్టుబట్టి పనిచేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అదే ఊరి సి.వి. రాజు గారిని. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇవి ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఈ బొమ్మలకు 2017లోనే వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది కూడా ఈ బొమ్మలే. ఆ సంగతి ఎత్తితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "టీవీలో చూసి ఊరు ఊరంతా అరిసేశాం" అంది.

కానీ కర్ర సంగతి అడిగితే ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఈ బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. మెత్తగా, తెల్లగా ఉంటుంది, చీలకుండా ఉలికి లొంగుతుంది, వేరే కర్ర వేస్తే ఆ నునుపు రాదు. ఒకప్పుడు దగ్గర కొండల్లోనే దొరికేదట, ఇప్పుడు దూరం నుంచి తెప్పించుకోవాలి, అదీ దొరికినప్పుడే. తెచ్చాక పచ్చికర్రతో పని కాదు, బాగా ఎండాలి. అంటే సంక్రాంతికి మనం కొనే బొమ్మ కోసం వాళ్లు ఎన్నో నెలల ముందే కర్రకు డబ్బు కట్టేసి కూర్చుంటారు. ఆ డబ్బు తిరిగొచ్చేది దసరా నుంచి సంక్రాంతి దాకా ఉండే ఈ మేళాల్లోనే. మిగతా రోజుల్లో పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

మేం మాట్లాడుతుండగా ఒకాయన వచ్చి కుంకుమ భరిణె తీసుకుని, మూత తీసి చూసి, "ఆన్‌లైన్‌లో ఇందులో సగానికే వస్తుంది" అన్నాడు. పోనీ అది నిజమే అనుకుందాం. రెండేళ్ల కిందట నేనూ అలాగే సగం ధరకి వచ్చాయని ఒక షాపులో ఏటికొప్పాక బొమ్మలేనని చెబితే నమ్మి ఆరు కొన్నాను. నెల తిరగకుండా పెచ్చులూడిపోయాయి, అంచుల దగ్గర పెయింటు చుక్కలు గడ్డకట్టి ఉన్నాయి, లోపల ఏం కర్రో కూడా తెలియలేదు. పసిపిల్ల నోట్లో పెట్టుకునే బొమ్మ అది, ఇప్పుడు తల్చుకున్నా నాకు కోపమే. అందుకే అసలుదాన్ని ఎలా గుర్తుపట్టాలో ఈసారి అడిగి తెలుసుకున్నాను. లక్క వేసిన బొమ్మ మీద కుంచె గీతలు ఉండవు, రంగు చుట్టూ ఒకే తీరున తిరిగి ఉంటుంది, ఎందుకంటే కర్ర తిరుగుతుండగా పట్టిన రంగు అది. పెయింటు వాసన రాదు. భరిణె మూత లాగితే "టప్" మని చిన్న చప్పుడుతో వస్తుంది, మళ్లీ పెడితే అంతే బిగుతుగా కూర్చుంటుంది. ఇంకో మాట ఆవిడ మరీమరీ చెప్పింది, ఎండలో పెట్టొద్దు, శానిటైజర్ చెయ్యి తగలనివ్వద్దు. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

వేరే ఒకావిడ వచ్చి ఐఎస్ఐ మార్కు ఏదని అడిగింది. పిల్లలున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఆ ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, కేంద్ర హస్తకళల శాఖలో పేరు నమోదైన కళాకారులకీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ఆయన ఓపిగ్గా తన గుర్తింపు కార్డు తీసి చూపించాడు. ఆవిడ చదివి, రెండు గిలకలు కొనుక్కుంది.

నేను ఈ స్టాళ్లలో బేరం ఆడను. ఎవరైనా ఆడితే పోట్లాడను గానీ, నాకు మాత్రం మనసొప్పదు. అట్టపెట్టెల్లో బొమ్మలు సర్దుకుని రైల్లో కాళ్ల దగ్గర పెట్టుకుని వచ్చి, రాత్రి చలిలో సరుకు దగ్గరే ఎవరో ఒకరు పడుకుని, అమ్ముడుపోనివి మళ్లీ అలాగే మోసుకెళ్లాలి వాళ్లు. ఇరవై రూపాయలు తగ్గించమని ఆ మొహం చూసి నేనెలా అడగను?

రెండు సెట్ల లక్కపిడతలు, ఒక భరిణె తీసుకున్నాను. పిల్ల కళ్లముందే చేసిన ఆ పసుపు బొంగరాన్ని ఆయన డబ్బులు తీసుకోకుండా దాని చేతిలో పెట్టేశాడు, ఎంత చెప్పినా వినలేదు. వచ్చే దారిలో కొండపల్లి స్టాల్‌లో తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి బొమ్మ కూడా కొన్నాం. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలని అమ్మ పట్టుదల, ఈ ఏడు అదన్నమాట.

భోగి నాడు మూడు మెట్లే అయినా కొలువు పెట్టాం. పైమెట్టు మీద దేవుళ్లు, మధ్యలో కొండపల్లివి, కింద మెట్టంతా లక్కపిడతలు. సాయంత్రం భోగిపళ్లు పోయడం అయ్యి పేరంటాళ్లు వెళ్లిపోయాక వంటింట్లో నుంచి వచ్చి చూస్తే, కింద మెట్టు ఖాళీ. అమ్మా, మా పిల్లా చాప మీద ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. బుల్లి పొయ్యి మీద బుల్లి కుండ, అందులో అటుకులూ బెల్లం. అమ్మ బొటనవేలంత తిరగలిలో రెండు బియ్యపు గింజలు వేసి, రెండు వేళ్లతో పిడి పట్టుకుని తిప్పుతోంది.

"పిండి రావట్లేదు నానమ్మా."

"ఉండవే, ఇంకా తిప్పనీ."