నాలుక తిరగని కుర్రాడు

కావలిలో మా జేజినాయన పద్యనాటకాలు ఆడేవాడు. నాకు ‘ర’ పలికేది కాదు. పొద్దున్నే నులకమంచం మీద కూర్చోబెట్టుకుని, నాలుక కింద వక్కపలుకు పెట్టి పద్యం చెప్పించేవాడు. దవడ లాగేసేది. అయినా వదిలేవాడు కాదబ్బా! అందుకేనేమో హాలీవుడ్ నటుడు ఆంథోనీ క్విన్ అంటే నాకంత ప్రాణం.

1915లో మెక్సికోలోని చివావాలో పుట్టాడు, లాస్ ఏంజెలెస్ పేటల్లో పెరిగాడు. వాస్తుశిల్పం నేర్చుకుందామని ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గరికి పోతే, ముందు మాట సరిచేసుకో అన్నాడట ఆయన. నాలుక కింద కోత పెట్టించుకుని, ఉచ్చారణ కోసం నటన క్లాసులకు పోయాడు. ఇంక అక్కడే ఉండిపోయాడు.

చాలా ఏళ్లు దొంగ, రెడ్ ఇండియన్ లాంటి వేషాలే ఇచ్చారు. 1952 నాటి ‘వివా జపాటా!’కి సహాయనటుడిగా ఆస్కార్ వచ్చింది. మెక్సికోలో పుట్టినవాళ్లలో నటనకు ఆస్కార్ అందుకున్న మొదటివాడు ఆయనే. ‘లస్ట్ ఫర్ లైఫ్’లో చిత్రకారుడు గొగాన్‌గా అరగంట కూడా కనపడడు, దానికీ ఇచ్చారు.

నాకు మాత్రం ‘జోర్బా ది గ్రీక్’లో ఆయన వేసిన జోర్బాయే గొప్ప. 1964లో సినిమాలో వేసిన ఆ వేషాన్నే 1983లో, 68 ఏళ్ల వయసులో బ్రాడ్‌వే స్టేజీ మీద మళ్లీ కట్టాడు. ఆ వయసులో రోజూ రాత్రి పాడుతూ ఆడడమంటే మాటలా? మా జేజినాయన కూడా ఆఖరిసారి కృష్ణుడి కిరీటం పెట్టుకున్నప్పుడు ఆయనకు 68 ఏళ్లే. పక్కన హార్మోనియం దగ్గర నేనున్నాను.