పొడవు పిస్టలే తీసుకుంటున్నాను

హనుమకొండ, ఆదివారం రాత్రి

నా షూటింగ్ ఆటకు ఏ పిస్టల్ కొంటావని ఇంట్లో ఎవరు అడిగినా ఇన్నాళ్లూ "చూద్దాం" అంటూ వచ్చాను. ఈ రోజు తేల్చేశాను. పూర్తి పొడవున్న పిస్టలే తీసుకుంటున్నాను, పొట్టిది కాదు. చిట్టీ ఎత్తిన డబ్బు ఉంది. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది, చాలా దాటుతుంది. అందుకే వాడినదే.

పిస్టల్ అనే మాట వినగానే అత్తమ్మ మొదట్లో బాగా గాభరా పడ్డారు. పోలీసులు ఇంటికి వస్తారేమోనని ఆవిడ భయం. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. ఇది గాలితో పనిచేసేది అత్తమ్మా, మందుగుండు ఉండదు. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అవసరం లేదు. మా పోటీ పిస్టల్ నుంచి అర గ్రాము సీసపు పెల్లెట్ సెకనుకు దాదాపు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. లెక్క వేస్తే ఐదారు జౌళ్లకు మించదు. అదే తూటాతో పేలే పాయింట్ టూ టూ పిస్టల్ అయితే లైసెన్సు కావాలి, 25 మీటర్ల రేంజి కావాలి. ఇక 9 ఎంఎం మన దేశంలో సామాన్యులకు నిషిద్ధం. నాకు కావలసింది పది మీటర్ల దూరంలో ఒక కాగితం, దాని మీద ఒక నల్లటి గుండ్రం, అంతే. అలాగని ఇది బొమ్మ కాదనీ, బీరువాలో తాళం వేసి పెడతాననీ, రేంజిలో తప్ప ఎక్కడా పెల్లెట్ ఎక్కించననీ మాటిచ్చాను. ఆవిడ శాంతించారు. నిన్న పక్కింటావిడకు తనే వివరించి చెబుతుంటే విన్నాను.

రాత్రి వాన పడింది. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక సగంలోనే ఆపేశాను, ధ్యాసంతా పది గంటల మీదే ఉంది. కోచ్ సార్ రెండు పిస్టళ్లు తెప్పించి ఉంచుతానన్నారు. ఒకటి ఇంటర్ చదువు ఒత్తిడిలో ఆట మానేసిన అమ్మాయిది. పొట్టి బ్యారెల్, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, తేలిక. రెండోది ఉద్యోగం మీద విదేశం వెళ్తున్న ఒకాయనది. పూర్తి పొడవుది, ట్రిగ్గర్ మామూలు స్ప్రింగులూ మీటలతో నడిచేది, బరువు కిలోకు కాస్త అటూఇటూ.

ఆయన తరఫున పిస్టల్ తెచ్చిన అబ్బాయే "మేడం, ఆడవాళ్లకు ఆ చిన్నదే నయం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఈ మాట నాకు నచ్చదు. నిబంధనల పుస్తకంలో ఆడవాళ్లకు వేరే పిస్టల్ లేదు. ఎవరిదైనా బరువు 1500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి కనీసం 500 గ్రాముల బలం పట్టాలి, మొత్తం పిస్టల్ 42 సెంటీమీటర్ల పొడవూ 20 సెంటీమీటర్ల ఎత్తూ 5 సెంటీమీటర్ల మందమూ ఉన్న పెట్టెలో పట్టాలి. 2018కి ముందు ఆడవాళ్లకు 40 షాట్లే ఉండేవి. ఆ ఏడాది నుంచి అందరికీ 60. అరవై సార్లు ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా ఎత్తాల్సిందే. అలాంటప్పుడు ఏది తేలిక అని అడిగి లాభం లేదు. ఏది నిలుస్తుంది అని అడగాలి.

పొడవు ఎందుకు అనే దాని గురించి చాలా ఆలోచించాను. పిస్టల్ మీద గురి చూసుకునే ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం ఎంత ఎక్కువైతే గురిలో తప్పు అంత తక్కువగా పెరుగుతుంది. స్కేలు పెట్టి కొలిచాను. పొడవుదానికి 32 సెంటీమీటర్లు, పొట్టిదానికి 28. ముందు సైట్ వెనక గాడిలో పావు మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. పది మీటర్ల అవతల పొడవు పిస్టల్‌తో దాదాపు 8 మిల్లీమీటర్లు తప్పుతుంది, పొట్టిదానితో 9. టార్గెట్ మీద ఒక్కో రింగుకు మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే కంటికి ఆనని ఆ పావు మిల్లీమీటరు ఒక పాయింటు తినేస్తుంది. పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లే మరి. అయినా ఆ ఒక్క మిల్లీమీటరు తేడా కోసమే పొడవుది కొంటున్నానంటే అది నిజం కాదు. నా వంటి షూటర్‌కు చెయ్యి ఊగడంలోనే అంతకన్నా ఎక్కువ పోతుంది.

అసలు కారణం నా కళ్లు. చత్వారం వచ్చింది. ఈ ఆటలో చూపు నిలపాల్సింది టార్గెట్ మీద కాదు, ముందు సైట్ మీద. నల్ల గుండ్రం మసకగా ఉన్నా ఫరవాలేదు, ముందు సైట్ అంచులు మాత్రం స్పష్టంగా కనబడాలి. దానికి అటూ ఇటూ వెలుతురు సన్నటి గీతల్లా సమానంగా ఉండాలి. పొట్టి పిస్టల్‌తో ముందు సైట్ నా కంటికి దగ్గరవుతుంది, అంచులు కరిగిపోతాయి. పొడవుదానితో అది మరికొంచెం దూరం జరుగుతుంది, ఆ కొంచెంలోనే నా చూపు కుదురుకుంటుంది. ఈ రోజు కిటికీ పక్క లేన్‌లో రెండూ మార్చి మార్చి ఎత్తి చూశాను. తేడా నిక్కచ్చిగా తెలిసింది. ఇరవై ఏళ్ల పిల్లలకు ఇది అక్కర్లేని విషయం. నా వయసు వాళ్లు మాత్రం బ్రాండు కన్నా ముందు దీన్ని చూసుకోవాలి.

ఇక బరువు. పొట్టిది ఎత్తగానే హాయిగా ఉంటుంది. కానీ గురి దగ్గరికి వచ్చేసరికి దాని మూతి చిన్న చిన్నగా, గబగబా కదులుతుంది. ఎప్పుడు నొక్కాలో వేలికి తెలియదు. పొడవుదాని బరువు ముందుకు ఉంటుంది, ఎత్తేటప్పుడు భుజానికి తెలుస్తుంది, కానీ గుండ్రం కింద చేరాక దాని ఊగు నెమ్మదిస్తుంది. నిండుకుండ తొణకదంటారే, అలా. క్లాసులో పిల్లలకు జడత్వం గురించి ఏళ్ల తరబడి చెబుతున్నాను. అది ఇలా నా మణికట్టులో పనిచేస్తుంటే ఎంత ఆనందంగా ఉందో రాయలేను. భుజం నొప్పి సంగతి నాకు తెలుసు. దానికి మందు రోజూ ఇంట్లో చేసే హోల్డింగే. గోడకు ఎదురుగా నిలబడి పెల్లెట్ లేకుండా ఎత్తడం, నిలపడం, దించడం.

కోచ్ సార్ టార్గెట్ కాగితాలు పెట్టనివ్వలేదు, ముందు కళ్లు మూసుకోమన్నారు. కళ్లు మూసి, చెయ్యి చాచి, పిస్టల్ ఎత్తి, గురి కుదిరిందనిపించాక తెరవాలి. ముందు సైట్ గాడి మధ్యలో కనబడితే గ్రిప్, అంటే పిస్టల్ పిడి, మన చేతికి సరిపోయినట్టే. పక్కకు ఉంటే చెయ్యి ప్రతి షాట్‌కూ మణికట్టును తిప్పి సర్దుకుంటున్నట్టు. అలా అరవై సార్లు సర్దుకోవడం కుదరదు. పొట్టిదాని గ్రిప్ చిన్న సైజు, తెరిచిన ప్రతిసారీ సైట్ ఎడమకే ఉంది. పొడవుది మీడియం. సైట్ మధ్యలోనే ఉంది కానీ కాస్త పైకి. ఆ పిస్టల్ పాత యజమాని తన అరచేతి కొలతకు చెక్క మీద పుట్టీ పెట్టించుకున్నాడు, బొటనవేలి కింద ఆ గడ్డ నాకు గుచ్చుకుంటోంది. సార్ దాన్ని వేలితో తడిమి "ఇది గీకితే పోతుంది, అది పోదు" అన్నారు. నాకు సగం నిర్ణయం అక్కడే అయిపోయింది. చెక్క గ్రిప్‌ను గీకొచ్చు, పూయొచ్చు, వంపు మార్చొచ్చు. గ్రిప్ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా కాకూడదు, ఆ హద్దుల్లో ఎంతైనా దిద్దుకోవచ్చు.

ట్రిగ్గర్ దగ్గర మాత్రం పొట్టిదే గెలిచింది, ఒప్పుకోవాలి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా, ఎక్కడా గరుకు లేకుండా వదులుతుంది. రెండోదానిలో ట్రిగ్గర్ నొక్కేటప్పుడు రెండో అంచె దగ్గర కొద్దిగా ఈడ్పు ఉంది. సార్ ఎలన్ కీతో రెండు మూడు స్క్రూలు తిప్పి, 500 గ్రాముల తూనిక తగిలించి, పిస్టల్ మూతి పైకి పట్టి నెమ్మదిగా ఎత్తారు. తూనిక నేల విడవకముందే ట్రిగ్గర్ వదిలేసింది. అంటే ఆ సెట్టింగు 500 కన్నా తక్కువ. పోటీలో ఈ పరీక్ష తప్పితే అనర్హతే. మళ్లీ బిగించారు, మళ్లీ ఎత్తారు. ఈసారి తూనిక గాలిలో వేలాడింది, ట్రిగ్గర్ నిలిచింది. ఆ తరవాత నేను కాల్చి చూస్తే ఈడ్పు కూడా దాదాపు పోయింది. నా చేతికి దొరికే స్క్రూలతో బాగయ్యే ట్రిగ్గర్ నాకు ముఖ్యం. సర్క్యూట్ పాడైతే హనుమకొండలో చూసేవాళ్లు లేరు. అది తయారైన స్విట్జర్లాండు నుంచి విడిభాగం వచ్చేదాకా ఖాళీ చేతులతో కూర్చోలేను.

గాలి సిలిండర్ల గురించి కొనేవాళ్లు ఎవరూ అడగరని సార్ అంటారు. నేను అడిగాను. 200 బార్ల ఒత్తిడి పట్టే గొట్టం అది, దాని మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. పదేళ్లు దాటితే పోటీలో అనుమతించరు, వాడటమూ క్షేమం కాదు. ఈ పిస్టల్‌తో రెండు వస్తున్నాయి. ఒకదానికి గడువు దగ్గర పడింది, దాని వెల తగ్గించమన్నాను, తగ్గించారు. చేతి పంపుతో నింపుకోవచ్చు కానీ ఈ వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, నీటి చుక్కలు లోపలికి చేరతాయి. రేంజిలో పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవడమే మేలు. మే నెల ఎండలో నింపిన సిలిండర్‌ను కారులో వదిలి వెళ్లే వాళ్లను చూశాను, ఒళ్లు జలదరిస్తుంది. మన ఎండలు ఎలాంటివో ఎవరికీ చెప్పక్కర్లేదు.

కాల్చి చూడటానికి చివర్లో ఒక డబ్బా పెల్లెట్లు తీసుకున్నాను. మూతి బల్లపరుపుగా ఉండేవే, కాగితంలో గుండ్రటి చిల్లు శుభ్రంగా పడేది వాటితోనే. పొడవు పిస్టల్‌తో గ్రూప్, అంటే చిల్లుల గుంపు, కిందకు పడింది కానీ ఒక్కచోట పడింది. సైట్ స్క్రూ నాలుగు క్లిక్కులు తిప్పితే పైకి వస్తుంది. చెదిరిన గ్రూప్‌ను మాత్రం ఏ స్క్రూ దగ్గరకు చేర్చలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన నవ్వి, "స్కూటర్ ఇంకో ఏడాది లాగుతుందిలే" అన్నారు. ఆ మాట నాకు చాలా విలువైనది. ఈ వయసులో ఇదేమిటని చుట్టాలు అడిగినప్పుడు నేను పారిస్ 2024 మిశ్రమ జట్టు పోటీని గుర్తు చేసుకుంటాను. మన మనూ భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకు కంచు వచ్చిన పోటీలోనే వెండి గెలిచిన తుర్కియే జట్టులో యూసుఫ్ డికెచ్ వయసు 51. మామూలు కళ్లజోడు పెట్టుకుని, ఎడమ చెయ్యి జేబులో ఉంచి కాల్చాడు. నేను ఒలింపిక్స్‌కు వెళ్లను. కానీ ఆ నిలబడటం నేర్చుకోవచ్చు.

సాయంత్రం మా కాలేజీ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. ఎన్‌సీసీలో రైఫిల్ పట్టిన పిల్ల. పిస్టల్ షూటర్ ఈషా సింగ్ అంటే ప్రాణం. మన హైదరాబాద్ అమ్మాయి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారం, మూడు వెండి పతకాలు తెచ్చినప్పటి నుంచి ఈ పిల్లకు పిస్టల్ ధ్యాసే. "మేడం, మా నాన్న కొనిస్తానంటున్నారు, మొరీనీ కొనాలా, స్టెయర్ కొనాలా?" అని అడిగింది. ఇప్పుడే ఏదీ కొనవద్దని చెప్పాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, ఆ డబ్బు ఎంత కష్టపడితే వస్తుందో నాకు తెలుసు. ముందు రేంజి పిస్టల్‌తో ఆరు నెలలు చెయ్యి కుదరాలి. ఈలోగా కళ్లు మూసి ఎత్తడం, ట్రిగ్గర్ వేలు ఒక్కటే కదలడం, మిగతా చెయ్యి గట్టిపడకుండా ఉండటం నేర్చుకోవాలి. అప్పుడు ఏ గ్రిప్ ఎక్కడ గుచ్చుతోందో తన చేతికే తెలుస్తుంది, ఏ కంపెనీదన్నది రెండో మాట. వచ్చే ఆదివారం నాతో రమ్మన్నాను. నా కొత్త పిస్టల్ ఆమె చేతికీ ఇస్తాను. గ్రిప్ గీకడం మాత్రం అంతకు ముందే పూర్తి చేయాలి, ఉప్పు కాగితం రేపు చౌరస్తాలో తెచ్చుకోవాలి.