ఆ ఘాటు వాసన, మా బుజ్జిగాడు, ఒక రాత్రి

మా పిల్లి బుజ్జిగాడు ఇప్పుడు కిటికీలో కూర్చుని పావురాల్ని చూసి కిచకిచమంటున్నాడు కాబట్టి రాయగలుగుతున్నా.

మే నెల. ఇల్లంతా కళ్ళు మండేంత పిల్లి ఉచ్చ కంపు. ముందు డ్రైనేజీ అనుకుని ప్లంబర్‌ని పిలిచాం, ఏం లేదన్నాడు. మా అత్తయ్య రోజుకి రెండుసార్లు ఫినాయిల్‌తో తుడిపించారు, అది పిల్లులకి విషమని అప్పుడు మాకెవరికీ తెలీదు. చివరికి మా ఆయన యూవీ టార్చ్ తెచ్చి లైట్లన్నీ ఆపేసి కొడితే వాషింగ్ మెషీన్ వెనక, డోర్‌మ్యాట్ మీద, నా చీరల బుట్టలో చిన్నచిన్న చుక్కలు పచ్చగా మెరిశాయి. అన్నీ చుక్కలే, ఒక్క మడుగు లేదు. అక్కడే అర్థం కావాల్సింది.

పశువుల డాక్టర్‌కి చూపిస్తే ఫోన్ చూసుకుంటూనే "మగపిల్లి కదమ్మా, మార్కింగ్, బిహేవియర్ ప్రాబ్లం" అన్నాడు, అంటే ఇది నా చోటని ఉచ్చ చల్లి గుర్తు పెట్టుకోవడమట. వీడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి రెండేళ్ళయింది సార్ అన్నా వినలేదు, పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఆ మాట పట్టుకుని నేనూ వాణ్ణి తిట్టి ఒక పూట బాల్కనీలో పెట్టి తలుపేశా. అతని మీద కోపం సరే, దీనికి నన్ను నేనేం చేసుకోవాలి?

నాలుగో రోజు రాత్రి రెండింటికి వాడు ఉచ్చ పోసే ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క రాదు, చంటిపిల్లాడిలా ఏడుపు, లేచి ఇంకో మూలకెళ్ళి మళ్ళీ ముక్కడం, నురగ వాంతి. పొట్ట కింద తడిమితే నిమ్మకాయలా గట్టిగా తగిలింది, ముట్టుకోగానే కరిచాడు, ఎప్పుడూ కరవనివాడు. టవల్లో చుట్టి స్కూటీ మీద తీసుకెళ్తుంటే దారిలో అరుపు ఆగిపోయింది. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

నైట్ డ్యూటీ డాక్టరమ్మ చెయ్యి వేయగానే బ్లాక్ అయిందంది. మగపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది, అడ్డం పడితే ఒకట్రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చట. ఉచ్చ బయటికి తీసే గొట్టం (కాథెటర్), సెలైన్, మూడు రోజులు అడ్మిట్. స్ట్రువైట్ క్రిస్టల్స్ అన్నారు, అంటే ఉచ్చలో గట్టిపడే ఖనిజపు పలుకులు. డ్రై ఫుడ్ ఒక్కటే, పైగా ఎండలు, నీళ్ళు ముట్టడు, ఉచ్చ చిక్కబడిపోయింది, ఆ ఘాటంతా అదే. చల్లగా ఉండాలి ఆ తల్లి.

"పిల్లికి ఇంత ఖర్చా" అని గొణిగిన అత్తయ్యే ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకున్నారట, పక్కింటావిడ చెప్తే తెలిసింది.

ఇప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన వెట్ ఫుడ్డే, అందులో ఇంకో రెండు చెంచాల నీళ్ళు. మరకలకి ఎంజైమ్ క్లీనర్ వాడండి, ఉచ్చలోని యూరిక్ యాసిడ్ మామూలు సబ్బుకి లొంగదు, తేమ తగిలితే కంపు మళ్ళీ లేస్తుంది. మగపిల్లి మాటిమాటికీ ట్రే ఎక్కి చుక్క పోయకపోతే పొద్దున్న చూద్దాంలే అనుకోకండి, అప్పటికప్పుడే పరిగెత్తండి.

నిన్న ట్రేలో వాడి ఉచ్చకి ఇసుక ఇంత పెద్ద ముద్ద కట్టింది, మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించా.