ఇంట్లో ఇటాలియన్ డ్రెస్సింగ్: ఫ్రిజ్ దగ్గర నాకు ఎదురైన చిక్కు

డాలస్‌లో కిరాణా ఖర్చు తగ్గించాలని లెక్కలు వేసుకుంటుంటే ముందు సలాడ్ డ్రెస్సింగ్ మీదే, అంటే పచ్చి కూరముక్కల మీద పోసుకునే పుల్లటి సాస్ మీదే కన్ను పడింది. ఇటాలియన్ డ్రెస్సింగ్ లేకపోతే మా పిల్లలు కీరా ముక్క కూడా ముట్టరు. మేం కొనే సీసా వెనక చదివితే మొదటి పదార్థం నీళ్లు! తర్వాత వెనిగర్, సోయా నూనె, చక్కెర. దీనికా మనం డాలర్లు పోసేది?

సరుకులు సులువుగానే దొరికాయి. ఒరెగానో (పిజ్జా మీద చల్లే ఎండు ఆకు) మాత్రం గాజు సీసాల్లో కొనకండి, దోపిడీ. మెక్సికన్ సరుకుల దగ్గర వేలాడే చిన్న ప్యాకెట్లు చాలా చవక. ఆ మెక్సికన్ ఒరెగానో వేరే మొక్క, ఘాటు ఎక్కువ, కాస్త తగ్గించి వేస్తే సరి. చిల్లీ ఫ్లేక్స్ కొననే అక్కర్లేదు, పిజ్జాతో వచ్చేవి దాచుకోండి.

పావు కప్పు వెనిగర్‌లో అర చెంచా ఉప్పు, చెంచా చక్కెర ముందే కరిగించాలి, నూనె పోశాక ఉప్పు సరిగా కరగదు. అందులో వెల్లుల్లి, ఉల్లి పొడులు, ఒరెగానో అర చెంచా చొప్పున, ఒక చెంచా మస్టర్డ్ (సీసాలో దొరికే ఆవ ముద్ద) వేసి, ముప్పావు కప్పు నూనె పోసి, మూత బిగించి బాగా గిలకొట్టాలి. మస్టర్డ్ ఉంటే నూనె, వెనిగర్ వెంటనే విడిపోవు.

అసలు కథ ఇక్కడే. మా అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లందరం పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే విందు) పెట్టుకున్నాం. అందరికీ రుచి చూపించాలని ఆ రోజుకు మొత్తం మంచి ఆలివ్ నూనెతో, పచ్చి వెల్లుల్లి దంచి చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి అలాగే పట్టుకెళ్లాను. బల్ల మీద పెట్టి చూస్తే సీసా నిండా తెల్లటి గడ్డలు. ఒకావిడ సీసా పైకెత్తి అందరికీ వినబడేలా, "ఇది పాడైనట్టుందండీ, పిల్లలకు వద్దులెండి" అంటూ తీసుకెళ్లి సింకు పక్కన పెట్టేసింది. ఆ ఇంటావిడ వెంటనే షాపు సీసా తెచ్చి ఆ చోట పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. కనీసం వాసన చూడలేదు, ఏం వేశావని అడగలేదు. ఒకరు కష్టపడి చేసి తెచ్చినదాన్ని నలుగురిలో అలా అనవచ్చా? మా ఆయన "పోనీలే" అన్నారు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి సీసాను బయట ఉంచితే కాసేపటికి గడ్డలన్నీ కరిగిపోయాయి. రుచి అద్భుతంగా ఉంది. ఆలివ్ నూనె చలికి గడ్డకట్టడం సహజం, పాడవడం కాదు. షాపు సీసాల్లో ఎక్కువగా సోయా, కనోలా నూనెలు ఉంటాయి కాబట్టి అవి ఫ్రిజ్‌లోనూ పలచగానే ఉంటాయి. అప్పటినుంచి అర కప్పు కనోలా, పావు కప్పు ఆలివ్ పోస్తున్నాను. ఖర్చు ఇంకా తగ్గింది, ఆలివ్ వాసన పోలేదు, ఫ్రిజ్ నుంచి తీయగానే ధారగా పడుతోంది. షాపు సీసా మా ఇంటికి మళ్లీ రాలేదు.

పచ్చి వెల్లుల్లి వేస్తే మాత్రం తప్పకుండా ఫ్రిజ్‌లోనే పెట్టండి, 4 రోజుల్లో వాడేయండి. నూనెలో మునిగిన వెల్లుల్లిని బయట వదిలేస్తే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగవచ్చు, వాసనలో, రంగులో ఏ తేడా కనిపించకుండానే. ఎక్కువ రోజులకు చేసుకునేవాళ్లు వెల్లుల్లి పొడే వేసుకోండి.