టోలమీ అంకెలతో మన తీరం: మూడో వారం

ఈ వారం తూర్పు తీరం చుక్కలు పెట్టడం అయింది. పోయిన ఆదివారానికి గుజరాత్‌లోని భరూచ్ నుంచి కన్యాకుమారి దాకానే వచ్చాను.

టోలమీ అనే గ్రీకు భూగోళ పండితుడు క్రీ.శ. 2వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఊళ్ల జాబితా ఒకటి రాశాడు. ప్రతి ఊరికీ రేఖాంశం, అక్షాంశం ఇచ్చాడు. ఆ జాబితా పటాలతో సహా 1477లో బొలోన్యాలో, 1482లో ఉల్మ్‌లో అచ్చయింది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరేనాటికి యూరప్ పండితుల చేతుల్లో ఉన్న భారత తీరం ఎక్కువగా ఇదే. నేను ఆ అచ్చు పటాన్ని ట్రేస్ చేయడం లేదు. అంకెల్ని నేనే గ్రాఫ్ మీద పెట్టి, అదే షీటు మీద నేటి తీరాన్ని కూడా గీస్తున్నాను. టోలమీ ఎరుపు, నేటిది నలుపు.

షీటు 84 × 59 సెం.మీ. అక్షాంశం ఒక డిగ్రీకి 2 సెం.మీ. తీసుకున్నాను. 15 డిగ్రీల దగ్గర రేఖాంశం కాస్త చిన్నది కదా, దానికి 1.93 సెం.మీ. ఆయన రేఖాంశాలు గ్రీనిచ్ నుంచి కాదు, ఆఫ్రికాకి పడమట ఉన్న కెనరీ దీవుల నుంచి మొదలవుతాయి. 18 డిగ్రీలు తీసేస్తే సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు. ఆ లెక్కన భరూచ్ 91 దగ్గర ఉండాలి, ఆయన 113°15' ఇచ్చాడు. అందుకని రెండు భరూచ్‌లనీ ఒకే చుక్క మీద పెట్టి అక్కడి నుంచి కొలుస్తున్నాను.

ఒక వెధవ తప్పు చేశాను, చెప్పాలి. కన్యాకుమారి రేఖాంశం 121°45' ని ఎక్సెల్‌లో 121.45 అని కొట్టేశాను. 45 నిమిషాలంటే 0.75 డిగ్రీ. షీటు మీద ఆరు మిల్లీమీటర్లు తేడా. పడమటి తీరం మొత్తం చెరిపి మళ్లీ వేశాను, రెండు సాయంత్రాలు పోయాయి. అసలు టోలమీ వాడింది డిగ్రీలో సగం, మూడో వంతు, పన్నెండో వంతు లాంటి భిన్నాలు. చేతిరాత ప్రతుల్లో ఇవి మారుతుంటాయి కూడా. కాబట్టి మిల్లీమీటరు కోసం కొట్టుకోవడం దండగ.

భరూచ్ నుంచి కన్యాకుమారికి అసలు 13.6 డిగ్రీలు దక్షిణానికి దిగాలి, అంటే 27 సెం.మీ. ఎరుపులో దిగింది 7.7 సెం.మీ. మాత్రమే! మన త్రిభుజం లేనే లేదు. తీరం దాదాపు అడ్డంగా తూర్పుకి పోతుంది. సింహళం మాత్రం భూమధ్యరేఖ దాటేంత పెద్దది. విచిత్రం ఏమిటంటే, ఆయనకి ముందే గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే ఓడ ప్రయాణాల పుస్తకంలో భరూచ్ దాటాక తీరం దక్షిణానికి సాగుతుందని స్పష్టంగా ఉంది.

ఇక నేను ఎదురుచూసిన చుక్క కొంటకోస్సిల, అంటే మన ఘంటసాల. ఘంటసాల అనగానే మనకి పాటలే గుర్తొస్తాయి కానీ ఇది కృష్ణా జిల్లాలో ఊరు. శాసనాల్లో కంటకసెల అని ఉంది. టోలమీ దాన్ని మైసోలియా (మన కృష్ణా తీరం వైపు) ప్రాంతంలో రేవు వ్యాపార కేంద్రంగా పెట్టాడు: 134°30', 11°40'. కన్యాకుమారికి ఇచ్చినదేమో 13°30'. చుక్క పెట్టి చూస్తే ఘంటసాల కన్యాకుమారికి 3.7 సెం.మీ. కిందికి, 24.6 సెం.మీ. కుడికి వచ్చింది. నిజానికి 16 సెం.మీ. పైన ఉండాలి, కుడికి ఆరున్నరే. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, "ఘంటసాల కన్యాకుమారి కిందికెలా వెళ్లిందిరా, షీటు తిరగేసి పెట్టావా?" అన్నారు. నాకూ డౌట్ వచ్చి అంకెలు మళ్లీ చూశాను. తిరగేయలేదు.

గంగ సముద్రంలో కలిసే చోట్లలో పడమటిది 144°30'. భరూచ్ నుంచి 31 డిగ్రీలు, అసలు ఉన్నది 15. రెండింతలు. టోలమీకి ముందటి గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ డిగ్రీకి 700 స్టేడియాలు (గ్రీకుల దూరం కొలత) వేస్తే టోలమీ 500 వేశాడు. అదే ప్రయాణ దూరం ఎక్కువ డిగ్రీలు తింటుంది. కానీ ఆ ఒక్కదానితో 1.4 రెట్లే వస్తుంది. మిగతాది నావికులు చెప్పిన రోజుల లెక్కల్లోంచి వచ్చి ఉంటుందని నా అనుమానం.

తర్వాతి పని 1502 నాటి కాంటినో పటం, పోర్చుగీసువాళ్లు గీసిన ప్రపంచ పటం. లిస్బన్ నుంచి గుట్టుగా ఇటలీ చేరింది, ఇప్పుడు మోదెనాలో ఉంది. అందులో త్రిభుజం వచ్చేసింది, పడమటి రేవులు చూసినవాళ్లు చెప్పినవి. దాని మీద డిగ్రీల గళ్లు లేవు. అందుకని భూమధ్యరేఖకీ కర్కట రేఖకీ మధ్య దూరాన్ని 23.5తో భాగించి స్కేలు తీద్దామనుకున్నాను. ఏ3 ప్రింటు తెచ్చి కొలిచాక తెలిసింది, కొట్టు అబ్బాయి పేజీకి సరిపడేలా పటాన్ని అడ్డంగా నొక్కేశాడు. దిక్సూచి వలయాలు కోడిగుడ్డులా ఉన్నాయి. శనివారం మళ్లీ వెళ్లి ఈసారి పక్కనే నిలబడి తీయించాలి.